రేవు చూసి ఓడెక్కండి: వేసవి బాల్టిక్ క్రూజ్‌కు సమగ్ర మార్గదర్శి

క్రూజ్ బ్రోషర్ తెరిస్తే మొదటి పేజీలో స్విమ్మింగ్ పూల్, రెండో పేజీలో బఫే, మూడో పేజీలో పిల్లల జారుడుబల్లలు. ఓడ ఆగే ఊళ్ల పేర్లు ఎక్కడో చివర్లో చిన్న పట్టికలో ఉంటాయి. మీరు ఆ పట్టికతోనే మొదలుపెట్టండి. ఉత్తర యూరప్‌లోని బాల్టిక్ సముద్రంలో ఓడ అంటే రాత్రి పడుకుంటే తెల్లారేసరికి ఇంకో దేశంలో దింపే లాడ్జి. కోపెన్‌హాగెన్, స్టాక్‌హోమ్, హెల్సింకి, టాలిన్ అన్నీ చూసి కూడా పెట్టె ఒక్కసారే విప్పుతారు, మంచం మారదు. ఆ సుఖం నిజమే. కానీ మీరు డబ్బు పెట్టేది ఒడ్డున గడిపే ఆ ఏడెనిమిది గంటల కోసం. అందులో ఎన్ని గంటలు చేతికి మిగులుతాయన్నది ఓడ ఏ రేవులో లంగరేస్తుందన్న దాన్ని బట్టే ఉంటుంది.

1. ముందు నెల తేల్చుకోండి

ఇక్కడ సీజన్ సుమారుగా మే నుంచి సెప్టెంబరు దాకా. జూన్ మూడో వారంలో హెల్సింకిలో సూర్యుడు రాత్రి 10.50 ప్రాంతంలో అస్తమించి, నాలుగు కొట్టకముందే మళ్లీ వచ్చేస్తాడు. ఆ మధ్యలో కూడా చిక్కటి చీకటి పడదు. పగలు మామూలుగా 18 నుంచి 22 డిగ్రీలు. మన మే ఎండల్లోంచి వెళ్లినవాళ్లకు ప్రాణం లేచొస్తుంది. అలాగని పల్చటి చొక్కాతో డెక్ మీదికెక్కితే మాత్రం డిసెంబరు లంబసింగి గుర్తొస్తుంది.

జూన్‌లో ఒక మెలిక ఉంది. స్వీడన్, ఫిన్లాండ్‌లలో మిడ్‌సమ్మర్ పండగ. జూన్ 19కీ 25కీ మధ్య వచ్చే శుక్రవారం పండగ ముందురోజు. ఆ శుక్ర, శనివారాల్లో స్టాక్‌హోమ్, హెల్సింకి సంక్రాంతికి ఖాళీ అయిన హైదరాబాద్‌లా ఉంటాయి. జనమంతా పల్లెల్లోని వేసవి ఇళ్లకు వెళ్లిపోతారు, చాలా దుకాణాలు మూసేస్తారు. ఎస్టోనియా, లాత్వియాల్లో జూన్ 23, 24 సెలవులు. మీ ఓడ సరిగ్గా ఆ రోజే స్టాక్‌హోమ్ చేరితే కంగారు పడకుండా స్కాన్‌సెన్‌కు వెళ్లండి. 1891లో మొదలైన ఆరుబయలు మ్యూజియం అది. పూలు చుట్టిన స్తంభం చుట్టూ జనం ఆడి పాడే మిడ్‌సమ్మర్ అక్కడ కనబడుతుంది.

మన బడులు జూన్ రెండో వారంలో తెరుస్తారు కాబట్టి పిల్లలతో ఇండియా నుంచి వెళ్లేవాళ్లకు మే ఆఖరు, జూన్ మొదటి వారం అనువు. పగలు అప్పటికే చాలా పొడుగు, జులై రద్దీ ఇంకా మొదలుకాదు. పిల్లల సెలవుల బెంగ లేనివాళ్లు ఆగస్టు చివర్లో వెళ్తే టికెట్లు కాస్త దిగొస్తాయి.

2. పేరు వేరు, దింపేది వేరు

చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. పట్టికలో "బెర్లిన్" అని ఉంటుంది. ఓడ దింపేది మాత్రం సముద్రం ఒడ్డునున్న వార్నెముండేలో. అక్కడి నుంచి బెర్లిన్‌కు రైల్లో ఒకవైపే రెండున్నర, మూడు గంటలు. పొద్దున ఎనిమిదికి దిగి, సాయంత్రం ఆరుకల్లా ఓడెక్కాలంటే బెర్లిన్‌లో మీకు మిగిలేది నాలుగైదు గంటలే. నన్నడిగితే ఓడ పన్నెండు గంటలకు మించి ఆగితే తప్ప బెర్లిన్ ఊసే వద్దు. బదులుగా దగ్గర్లోని రోస్టాక్ ఊరు చూడండి. వార్నెముండే రైల్వే స్టేషన్ రేవు పక్కనే ఉంటుంది, ఇరవై నిమిషాల్లో అక్కడికి చేరొచ్చు. లేదంటే బాడ్ డోబెరాన్ వెళ్లి "మోల్లి" ఎక్కండి. 1886 నుంచి నడుస్తున్న ఆవిరి రైలు అది. ఊరి వీధుల మధ్య నుంచి, దుకాణాలను ఆనుకుంటూ పోతుంది. పిల్లలకు బెర్లిన్ గోడ కన్నా అదే ఎక్కువ కాలం గుర్తుంటుంది.

స్టాక్‌హోమ్‌దీ ఇలాంటి కథే. పెద్ద ఓడలు చాలావరకు ఊరికి దక్షిణాన 60 కిలోమీటర్ల దూరంలోని నీనెస్‌హామ్న్‌లో ఆగుతాయి. అక్కడి నుంచి లోకల్ రైల్లో స్టాక్‌హోమ్ సెంట్రల్‌కు గంట. రానూపోనూ రెండు గంటలు అక్కడే ఎగిరిపోతాయి. పైగా ఇంకో పెద్ద నష్టం ఉంది. ఊళ్లోకి వచ్చే ఓడ స్టాక్‌హోమ్ ద్వీపసమూహం మధ్య నుంచి గంటల తరబడి మెల్లగా సాగుతుంది. సుమారు 30,000 దీవులు, రాళ్లు, వాటిమీద ఎర్రరంగు చెక్క ఇళ్లు, ఇంటికో పడవ. ఈ యాత్ర మొత్తంలో ఓడ మీంచి చూడాల్సిన దృశ్యం ఒకటే ఉందంటే అది ఇదే. కాబట్టి రేటు కొంచెం ఎక్కువైనా, ఓడ కాస్త పాతదైనా, స్టాడ్స్‌గార్డెన్ లేదా ఫ్రీహామ్నెన్ రేవుకు వెళ్లే ఓడనే ఎంచుకోండి. స్టాడ్స్‌గార్డెన్‌లో దిగితే పాత ఊరు గామ్లా స్టాన్‌కు నడిచి పోవచ్చు.

పోలండ్‌లో "గ్దాన్‌స్క్" అంటే దిగేది గ్దీనియాలో. ఇది పెద్ద ఇబ్బంది కాదు, స్టేషన్ చేరాక లోకల్ రైలు నలభై నిమిషాల్లోపే తీసుకెళ్తుంది. టాలిన్, రీగా, ఓస్లోలతో గొడవే లేదు, ఊరు నడక దూరంలో ఉంటుంది. ఓస్లోలో అయితే ఓడ కోట గోడ కిందే ఆగుతుంది. హెల్సింకిలో కటాయనొక్కా రేవైతే నడిచి, హెర్నెసారి అయితే బస్సులోనో ట్రామ్‌లోనో వెళ్లాలి. ఏ రేవో తెలియాలంటే ఆయా నగరాల పోర్ట్ వెబ్‌సైట్లలో ఓడల రాకపోకల పట్టిక ఉంటుంది. మీ ఓడ పేరు, తేదీ వెతికితే రేవు పేరు, అదే రోజు ఇంకెన్ని ఓడలొస్తున్నాయో కూడా దొరుకుతుంది. టాలిన్ పాత ఊరు చిన్నది. ఒకే పొద్దున మూడు ఓడలు దిగితే జాతర అయిపోతుంది.

ఇంకో మాట. పాత యాత్రాకథనాల్లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో రెండు మూడు రోజులు అని కనబడుతుంది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక క్రూజ్ కంపెనీలు ఆ రేవును తీసేశాయి. ఆ ఖాళీ రోజుల్లోకే ఇప్పుడు రీగా, గ్దీనియా, గాట్లాండ్ దీవిలోని విస్బీ లాంటివి వచ్చి చేరాయి. విస్బీ తగిలితే వదులుకోకండి. మధ్యయుగపు ప్రాకారం చుట్టూ చెక్కుచెదరకుండా నిలబడిన చిన్న ఊరు, కొత్త భవనాల గోల లేదు.

3. క్రూజే కావాలా అని మిమ్మల్ని మీరే ఒకసారి అడగండి

ముసలివాళ్లు, పసిపిల్లలు వెంట ఉంటే క్రూజ్‌కు మించింది లేదు. ఇద్దరే వెళ్తున్నారా, కాళ్లలో సత్తువుందా? అయితే రాత్రిపూట నడిచే ఫెర్రీలతో ఇదే దారిని మీరే కుట్టుకోవచ్చు. టాలింక్ సిల్యా, వైకింగ్ లైన్ ఓడలు సాయంత్రం స్టాక్‌హోమ్‌లో బయల్దేరి పొద్దునకు హెల్సింకి చేరుస్తాయి. దారిలో ఓలాండ్ దీవుల దగ్గర కాసేపు ఆగుతాయి. ఆ దీవులు యూరోపియన్ యూనియన్ వ్యాట్ పరిధి బయట ఉన్నాయి కాబట్టి, అక్కడ ఆగితేనే ఓడలో పన్నులేని మందు, చాక్లెట్లు అమ్మడానికి వీలవుతుంది. అర్ధరాత్రి ఆ ఆగడం వెనకున్న రహస్యం అదీ! హెల్సింకి నుంచి టాలిన్‌కు రెండు గంటల ప్రయాణం. ఈ పద్ధతిలో ఒక్కో ఊళ్లో రెండేసి రోజులుండొచ్చు, ఓడ వెళ్లిపోతుందన్న టెన్షన్ ఉండదు. సామాను మోసుకోవడం, హోటళ్లు వెతుక్కోవడం మాత్రం మీ తలనొప్పే. ఫెర్రీలో కూడా అవే దీవుల మధ్య నుంచి వెళ్తారు.

4. వీసా

ఈ దారిలో తగిలే డెన్మార్క్, స్వీడన్, నార్వే, ఫిన్లాండ్, ఎస్టోనియా, లాత్వియా, లిథువేనియా, పోలండ్, జర్మనీ అన్నీ షెంజెన్ దేశాలే. భారతీయ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లకు ఒక్క వీసా సరిపోతుంది. అమెరికాలో హెచ్1బీ, గ్రీన్ కార్డు ఉన్నా, ఇంగ్లండ్‌లో ఉద్యోగం చేస్తున్నా పాస్‌పోర్ట్ ఇండియాదైతే ఈ వీసా కావాల్సిందే. గ్రీన్ కార్డు ఉంది కదా అని ధీమాగా టికెట్లు కొనేసి చివర్లో పరుగులు పెట్టకండి.

ఏ దేశానికి అప్లై చెయ్యాలన్నది క్రూజ్‌లో చిక్కుముడి. ఎక్కువ రోజులు గడిపే దేశానికి, అన్నీ సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి అన్నది నియమం. దీన్ని సులువు చేసుకునే దారి ఒకటుంది: కోపెన్‌హాగెన్‌లో ఓడెక్కేవాళ్లయితే, ఎక్కే ముందు అక్కడే రెండు రాత్రులు హోటల్ తీసుకోండి. అప్పుడు డెన్మార్కే ఎక్కువ రోజుల దేశమవుతుంది, కాగితాలు చూసే అధికారికీ స్పష్టంగా ఉంటుంది. విమానం ఆలస్యమైతే ఓడ మీకోసం ఆగదు కాబట్టి ఆ రెండు రాత్రులు ఎలాగూ అవసరమే.

ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేసుకోవచ్చు, కనీసం 15 రోజుల ముందు ఇవ్వాలి. వేసవి రద్దీలో అపాయింట్‌మెంట్ దొరకడమే కష్టం, మూడు నాలుగు నెలల ముందే పని మొదలుపెట్టండి. పెద్దలకు ఫీజు 90 యూరోలు, ఆరేళ్ల నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకు 45. కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి. కొనేటప్పుడు ఆ పాలసీ ఓడలోని ఆస్పత్రి ఖర్చులకు కూడా వర్తిస్తుందా అని అడగండి, అక్కడి బిల్లులు గుండె గుభేల్‌మనిపిస్తాయి. క్రూజ్ బుకింగ్ పత్రంలో రోజు, రేవు వారీ పట్టిక ఉండేలా చూసుకుని జత చెయ్యండి. ఓడ సౌతాంప్టన్‌లో మొదలైనా, మధ్యలో బ్రిటన్ రేవు తగిలినా బ్రిటన్ వీసా విడిగా కావాలి, షెంజెన్ కూడా మల్టిపుల్ ఎంట్రీ అయ్యుండాలి. అలాంటిదేం లేకపోయినా మల్టిపులే అడగడం మంచిది.

5. క్యాబిన్, అసలు ఖర్చు

కిటికీ లేని లోపలి గది అంటే చాలామంది మొహం చిట్లిస్తారు. కానీ సూర్యుడు తెల్లారుజామున మూడున్నరకే వచ్చి కూర్చునే దేశాల్లో కటిక చీకటి గది వరమే. బాల్కనీ గది తీసుకుంటే ఆ ద్వీపసమూహాన్ని పరుపు మీంచే చూడొచ్చు, అది మీ జేబు నిర్ణయం. నేనైతే లోపలి గదే తీసుకుని, మిగిలిన డబ్బు ఊళ్లలో ఖర్చు పెడతాను. సముద్రం ఎలా ఉంటుందో అన్న భయం పెద్దగా అక్కర్లేదు. చుట్టూ నేల కమ్ముకున్న సముద్రం ఇది, వేసవిలో చాలా రోజులు చెరువులా ఉంటుంది. కడుపులో తిప్పే అలవాటుంటే కింది అంతస్తులో, ఓడ నడిమధ్య గది అడగండి.

ప్రకటించిన రేటులో ఉండనివి: సిబ్బందికి టిప్పులు (చాలా కంపెనీల్లో మనిషికి రోజుకు 15 నుంచి 20 డాలర్లు, ఆటోమేటిక్‌గా బిల్లులో పడతాయి), వైఫై, మందు, ప్రత్యేక రెస్టారెంట్లు, ఒడ్డున టూర్లు. ఇండియా నుంచి ప్యాకేజీ కొంటే టీసీఎస్ (అమ్మేవాళ్లే ముందుగా వసూలు చేసే పన్ను) కూడా పట్టుకుంటారు. అది పోయిన డబ్బు కాదు, ఐటీ రిటర్న్‌లో సర్దుబాటు చేసుకోవచ్చు, కానీ కట్టేటప్పుడు చేతిలో ఉండాలి.

6. పెట్టెలో ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు

గాలి ఆపే పల్చటి జాకెట్, దానికింద ఒక స్వెటర్, చిన్న గొడుగు. చీర కట్టుకునే అమ్మలు, అత్తమ్మలు చీర మానక్కర్లేదు గాని చెప్పులు మాత్రం మానాలి. టాలిన్, రీగా, గామ్లా స్టాన్ అంతా గుండ్రాళ్లు పరిచిన దారులు. పట్టున్న బూట్లు లేకపోతే మధ్యాహ్నానికి మోకాళ్లు మొరాయిస్తాయి.

ఇక తిండి సంగతి. ఆవకాయ, కందిపొడి, కారప్పొడి సీలు చేసి తీసుకెళ్లొచ్చు. కానీ యూరోపియన్ యూనియన్ బయటి నుంచి పాల పదార్థాలు, మాంసం తేవడం నిషిద్ధం. పాలకోవా, నెయ్యి, చికెన్ పచ్చడి ఇంటి దగ్గరే వదిలేయండి. రైస్ కుక్కర్, కెటిల్, ఇస్త్రీపెట్టె లాంటివి ఓడలోకి రానివ్వరు. స్కానర్‌లో కనబడితే తీసి పక్కన పెట్టి, దిగే రోజు ఇస్తారు. కుక్కర్ పట్టుకుని వెళ్లిన పెద్దమనిషి ఒకాయన వారం రోజులూ దాని రసీదు చూసుకుంటూ గడిపాడు. శాకాహారులు, జైన భోజనం కావాల్సినవాళ్లు బుకింగ్ అప్పుడే చెప్పి, మొదటి సాయంత్రం రెస్టారెంట్ హెడ్ వెయిటర్‌తో మళ్లీ చెప్పండి. ఇండియన్ వంటవాళ్లు, వడ్డించేవాళ్లు చాలా ఓడల్లో ఉంటారు. ముందురోజు అడిగితే పప్పు, అన్నం చేసిపెట్టడం మామూలే.

డబ్బు విషయానికొస్తే డెన్మార్క్, స్వీడన్, నార్వేలకు ఎవరి క్రోనా వాళ్లది, పోలండ్‌కు జ్లోటీ, మిగతావి యూరో. అన్నీ మార్చుకోవాలని చూడకండి. స్వీడన్‌లో చాలా దుకాణాలు నోట్లు తీసుకోవు, టాయిలెట్‌కు కూడా కార్డు గీకాలి. రెండు వేర్వేరు కార్డులు, జేబులో యాభై యూరోలు చాలు. మెషీన్ "రూపాయల్లో కట్టాలా, స్థానిక కరెన్సీలోనా" అని అడిగితే స్థానికమే నొక్కండి, రూపాయలు నొక్కితే మారకం రేటులో బాదేస్తారు. ఓడ నడిసముద్రంలో ఉన్నంతసేపూ ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఉంచండి, ఓడ నెట్‌వర్క్ రోమింగ్ విమానం టికెట్‌తో పోటీ పడుతుంది. యూరోపియన్ సిమ్ ఒకటి కొంటే నార్వేతో సహా అన్ని రేవుల్లో పనిచేస్తుంది.

7. ఒడ్డున ఆ ఎనిమిది గంటలు

సూత్రం ఒకటే: ఒక పెద్ద చోటు, ఒక నడక, ఒక కాఫీ. అంతకు మించి పెట్టుకుంటే ఊరు కాదు, గడియారం చూసొస్తారు.

కోపెన్‌హాగెన్‌లో ఓడెక్కే ముందు రెండు రోజులుంటాయి కదా. 1843లో తెరిచిన టివోలీ తోటకు సాయంత్రం వెళ్లండి, దీపాలు వెలిగాకే దాని అందం. 1913 నాటి జలకన్య విగ్రహం ఫొటోల్లో కనిపించినంత పెద్దదేం కాదు. లాంగెలీనియే రేవులో ఎక్కేవాళ్లకు అది దారిలోనే ఉంటుంది, దానికోసం ప్రత్యేకంగా పోనక్కర్లేదు. పెద్ద ఓడలు ఓషన్‌కాయ్ నుంచి బయల్దేరతాయి. మెట్రోలో ఓరియంట్‌కాయ్ స్టేషన్ దాకా వెళ్లి అక్కడి నుంచి బస్సు పట్టుకోవచ్చు. నలుగురు, నాలుగు పెట్టెలైతే టాక్సీయే నయం.

స్టాక్‌హోమ్‌లో ఆ పెద్ద చోటు వాసా మ్యూజియం, ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. 1628 ఆగస్టు 10న రాజుగారి కొత్త యుద్ధనౌక 64 ఫిరంగులతో, జనమంతా చూస్తుండగా బయల్దేరి, రేవు దాటకముందే ఒరిగి మునిగిపోయింది. 333 ఏళ్ల తర్వాత 1961లో దాన్ని పైకి తీశారు. ఇప్పుడు ఆ ఓడ మొత్తం మీ ముందు నిలబడి ఉంటుంది, చాలావరకు అసలు కలపతోనే. ఇన్నేళ్లు ఎలా నిలిచిందంటే, బాల్టిక్ నీళ్లలో ఉప్పు తక్కువ. మామూలు సముద్రాల్లో మునిగిన చెక్కను తొలిచి తినే ఓడపురుగు ఇక్కడ బతకలేదు. మీ ఓడ కింద ఉన్నవీ ఆ నీళ్లే. మ్యూజియానికి గామ్లా స్టాన్ పక్కనున్న స్లుస్సెన్ నుంచి చిన్న ఫెర్రీలో వెళ్తే పది నిమిషాలు. తిరిగొస్తూ ఒక బేకరీలో యాలకుల బన్ను తినండి. మన పాయసంలో పడే యాలకులు ఆ చలి దేశంలో ఇంటింటి బన్నులోకి ఎలా చేరాయా అనిపిస్తుంది. యాలకుల విషయంలో మనకంటే వాళ్ల చెయ్యే ధారాళం.

హెల్సింకిలో మార్కెట్ చౌక్ నుంచి పావుగంట ఫెర్రీ దూరంలో సువొమెన్‌లిన్నా కోట. 1748లో కట్టడం మొదలైంది, దీవులన్నీ కలిపి యునెస్కో వారసత్వ స్థలం. సిటీ ట్రాన్స్‌పోర్ట్ టికెట్‌తోనే వెళ్లొచ్చు, టూర్ కొనక్కర్లేదు. టైముంటే బండరాయిని తొలిచి కట్టిన టెంపెలియౌకియో చర్చి చూడండి.

టాలిన్‌కు ఓడ టూర్ కొనడం శుద్ధ దండగ. రేవు నుంచి ఇరవై నిమిషాలు నడిస్తే కోట ద్వారం. పొద్దునే దిగి ముందు టూంపియా గుట్ట ఎక్కేయండి. కోహ్తుఓట్సా అంచు నుంచి ఎర్ర పెంకుల కప్పులు, వాటి వెనక మీ ఓడ. పదిన్నర తర్వాత అక్కడ నిలబడే చోటుండదు. కిందికి దిగాక టౌన్‌హాల్ చౌక్‌లో 1422 నాటికే నడుస్తున్న మందుల షాపు ఇప్పటికీ తెరిచే ఉంది, జలుబు మాత్రలూ అమ్ముతుంది. మధ్యాహ్నం జనం పెరిగేసరికి ట్రామ్ ఎక్కి కాద్రియోర్గ్ తోటకు వెళ్లిపోండి.

రీగాలో సెంట్రల్ మార్కెట్ చూడకుండా రాకండి. జెప్పెలిన్ ఎయిర్‌షిప్‌ల (గ్యాస్‌తో గాల్లో తేలే పాతకాలపు భారీ వాహనాల) షెడ్లను తెచ్చి కట్టిన బజారది. ఓస్లోలో ఒపెరా హౌస్ పైకప్పు మీద నడవొచ్చు, టికెట్ లేదు.

8. గడియారం

ఫిన్లాండ్, ఎస్టోనియా, లాత్వియా, లిథువేనియాల్లో టైము స్వీడన్, డెన్మార్క్‌ల కంటే గంట ముందు. ఓడ కొన్నిసార్లు ఆ ఊరి టైముకు మారుతుంది, కొన్నిసార్లు మారదు. ఫోన్ మాత్రం తనంతట తానే మారిపోతుంది. ఓడ దిగేటప్పుడు గుమ్మం దగ్గర రాసిపెట్టిన "అందరూ ఎక్కాల్సిన టైము"ను ఫొటో తీసుకోండి. మామూలుగా అది ఓడ కదలడానికి అరగంట ముందు ఉంటుంది. చేతికి పాత ముళ్ల గడియారం ఒకటి ఓడ టైముతో పెట్టుకుంటే ఇంకా మంచిది. ఓడవాళ్ల టూర్ బస్సు ఆలస్యమైతే ఓడ మామూలుగా ఆగుతుంది. మీ సొంతంగా వెళ్లి ఆలస్యమైతే ఆగదు, తర్వాతి రేవుకు మీ ఖర్చుతో మీరే పోవాలి. అందుకే రోజూ గదికొచ్చే కరపత్రంలో ఉండే పోర్ట్ ఏజెంట్ (ఆ రేవులో ఓడ కంపెనీ తరఫు మనిషి) ఫోన్ నంబరు రాసుకోండి, పాస్‌పోర్ట్ కాపీ వెంట ఉంచుకోండి.

చివరి రాత్రి పెట్టెలు సర్ది, ట్యాగులు కట్టి గది బయట పెట్టమంటారు. అర్ధరాత్రి వచ్చి తీసుకుపోతారు, మళ్లీ కనబడేది పొద్దున టెర్మినల్‌లోనే. అన్నీ సర్దేశామన్న సంతోషంలో మర్నాటి బట్టలు, బూట్లు, బీపీ మాత్రలు కూడా అందులోనే పడేస్తుంటారు. నైట్‌డ్రెస్‌లో, హవాయి చెప్పులతో కోపెన్‌హాగెన్ రేవులో పెట్టె కోసం వెతుక్కునేవాళ్లు ప్రతి ట్రిప్పులో ఒకరిద్దరైనా కనిపిస్తారు. ఒక జత బట్టలు తీసి మంచం మీద పెట్టాకే తలుపు తియ్యండి.